ముఖానికి రాసుకునే ముందు
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోను చేసి "ఈసారి ఆరోగ్యం మీద మీరే మాట్లాడాలి" అన్నప్పుడు షుగరు గురించో, మోకాళ్ల నొప్పుల గురించో అనుకున్నాను. "సబ్బులు, క్రీములు, జుట్టు రంగులు, వీటిని ఎంచుకోవడం ఎలా అన్నది అంశం" అన్నారు. నాకు నవ్వొచ్చింది. డెబ్బై నాలుగేళ్లవాణ్ణి, నెత్తిమీద పట్టుమని పిడికెడు జుట్టు లేనివాణ్ణి. నాకెందుకండీ ఈ సబ్జెక్టు అన్నాను. మహిళా సభ్యుల సమావేశంలో ఈ అంశం సూచించింది మా ఆవిడేనని తర్వాత తెలిసింది. ఆవిడ ఎందుకు సూచించిందో నాకు తెలుసు. ఆ సంగతి దాని చోట మనవి చేస్తాను.

ముందుగా ఒక మాట. నేను డాక్టరును కాను. ముప్పై నాలుగు సంవత్సరాలు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. తాలూకా కచేరీలో చేరి, కలెక్టరాఫీసులో రిటైరయ్యాను. నాకు వచ్చిన విద్య ఒక్కటే. కాగితం చేతికొస్తే తారీఖు దగ్గర నుంచి సంతకం దాకా చదవడం, కింద చిన్న అక్షరాల్లో ఏముందో చూడడం. ఆ విద్యతోనే ఈ నాలుగు మాటలూ చెబుతున్నాను.

మన చిన్నతనంలో ఈ బాధే లేదు. ఆదివారం నాడు ఒంటికి నూనె, నలుగుపిండి, తలకు కుంకుడుకాయ రసం. కళ్లలో పడితే వీధి చివరిదాకా వినిపించేలా ఏడుపు. ఆడవాళ్లకు పసుపు, కాటుక, ఒక పౌడరు డబ్బా. కాస్త కలిగినవారి ఇళ్లలో అఫ్గాన్ స్నో సీసా ఉండేది. అది 1919లో బొంబాయిలో మొదలైన సరుకు. దాన్ని మా మేనత్త బీరువాలో పెట్టి తాళం వేసేది. ఇక సబ్బులంటే సినిమా తారల సబ్బు. 1941లో లీలా చిట్నీస్ బొమ్మతో లక్స్ ప్రకటన వచ్చింది మొదలు, ఏ తార వెలుగులో ఉంటే ఆ తార బొమ్మ దాని మీద ఉండేది. సబ్బు రుద్దుకుంటే ఆ తార రంగు వస్తుందని మనమెవరం నమ్మలేదు గాని, కొనడం మాత్రం కొన్నాం.

పాతవన్నీ మంచివి, కొత్తవన్నీ చెడ్డవి అని చెప్పడానికి నేను రాలేదు. నిమ్మరసం ముఖానికి రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలి మచ్చ పడుతుంది, అది చెట్టున కాసిన కాయే అయినా సరే. అలాగే ఆడవాళ్లు పెట్టుకునే స్టిక్కరు బొట్టు. అది అంటుకునే జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటే, కొందరికి బొట్టు పెట్టిన చోట చర్మం రంగు కోల్పోయి తెల్లమచ్చ వస్తుంది. డాక్టర్లు దీనికి ప్రత్యేకంగా బొట్టు బొల్లి అనే అర్థంలో పేరు పెట్టుకున్నారు. నుదుట దురద మొదలైతే స్టిక్కరు మానేయండి. దురద తగ్గాక మళ్లీ అదే పెట్టుకుని పరీక్షించనక్కరలేదు.

సబ్బు సంగతి త్వరగా ముగిస్తాను. కాగితం మీద టాయిలెట్ సోప్ అని ఉందా, బేదింగ్ బార్ అని ఉందా చూడండి. రెండూ ఒకటి కావు. మన దేశపు ప్రమాణాల ప్రకారం టాయిలెట్ సబ్బులో కొవ్వు పదార్థం, అంటే టీఎఫ్ఎం, మొదటి గ్రేడుకు 76 శాతం ఉండాలి. రెండో గ్రేడుకు 70, మూడో గ్రేడుకు 60. బేదింగ్ బారుకైతే 40 శాతం ఉన్నా చాలు. ధర చూస్తే రెండింటికీ పెద్ద తేడా కనిపించదు. అలాగని మొదటి గ్రేడు సబ్బైనా క్షారమే. మన వయసులో ఒంట్లో జిడ్డు ఊరడం తగ్గిపోతుంది. రోజుకు రెండుసార్లు ఒళ్లంతా సబ్బు రుద్దితే ఆ ఉన్న జిడ్డు కూడా పోయి కాళ్లు చేప పొలుసుల్లా తయారవుతాయి. చంకలకు, గజ్జలకు, పాదాలకు సబ్బు చాలు. మిగతా ఒంటికి నీళ్లు చాలు. మనది సముద్రపు ఊరు, ఉప్పు చెమట. పాతపట్నంలోనూ మల్కాపురంలోనూ ఉన్నవాళ్లకు కిటికీ ఊచల మీద నల్లధూళి ఎంత పేరుకుంటుందో వేరే చెప్పనక్కరలేదు. అయినా ఆ ధూళి నీళ్లతో పోతుంది, బ్రష్షు పెట్టి తోమనక్కరలేదు.

స్నానమయ్యాక తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె గాని పెట్రోలియం జెల్లీ గాని పల్చగా రాసుకుంటే, ఎంత ఖరీదైన సీసా చేసే పనైనా చాలావరకు అదే చేస్తుంది. అరికాళ్లకు మాత్రం నూనె రాసి బాత్‌రూములో నడవకండి. చర్మం బాగుపడుతుందేమో గాని తుంటి విరుగుతుంది. షుగరున్నవారు కాలివేళ్ల సందుల్లో ఏ క్రీమూ పెట్టకూడదు, అక్కడ పొడిగా ఉండాలి. ఎన్ని రాసినా వారాల తరబడి ఒళ్లంతా దురద పోకపోతే దుకాణం మార్చడం కాదు, రక్తపరీక్ష చేయించుకోవాలి. మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడ్, వీటిలో ఏది చెడినా మొదట దురదగానే బయటపడవచ్చు.

ఇక జుట్టు రంగు. ఇది మగవారి అధ్యాయం, నవ్వకుండా వినండి.

మన సభ్యులే ఒకరు, పేరు చెప్పను, ఆయన ఈ హాల్లోనే ఉన్నారు, ఒక సంవత్సరం జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికి వెళ్లే ముందురోజు కుర్రాడిలా కనిపించాలని తలకు, మీసాలకు దట్టంగా నల్లరంగు పట్టించారు. తెల్లవారేసరికి కనురెప్పలు ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. ముఖం గుమ్మడికాయంత అయింది. కొడుకు చెయ్యి పట్టుకుని తీసుకెళితే, అక్కడి ఉద్యోగి పెన్షను పుస్తకంలో ఫొటో చూసి, ఈయన్ని చూసి, "ఏవండీ, పెన్షనరు గారిని తీసుకురాలేదా?" అని అడిగాడట. బతికున్నానని రుజువు చేసుకోవడానికి వెళ్లిన మనిషి తాను తానేనని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు నవ్వుతున్నాం గాని, ఆ రాత్రి ఆయనకు ఊపిరి ఆడక ఆసుపత్రిలో చేర్చారు.

నల్లరంగులన్నింటిలోనూ సాధారణంగా ఉండేది పారాఫినిలిన్ డయమిన్ అనే రసాయనం. పదేళ్లు పడినవారికి పదకొండో ఏట పడకపోవచ్చు. ఒకసారి పడకపోతే జన్మలో మళ్లీ దాని జోలికి పోకూడదు, రెండోసారి మరింత తీవ్రంగా వస్తుంది. ఈ రసాయనం ఉన్న రంగు డబ్బా మీద హెచ్చరిక ఇంగ్లీషులోనే కాదు, స్థానిక భాషల్లో కూడా ఉండాలని ప్రభుత్వపు రూలు. అంటే తెలుగులో చదువుకునే హక్కు మనకుంది. చెవి వెనకో, మోచేతి లోపలి వైపో చిన్న బొట్టంత రాసి, ఇరవై నాలుగు గంటలు ఆగి, ఎర్రబడకపోతేనే తలకు వాడమని దాని సారాంశం. కనుబొమలకు అసలు వాడరాదు. ఆ డబ్బా మన ఇళ్లలో ఎన్నేళ్లుగా ఉంది? ఆ హెచ్చరిక ఎవరైనా చదివామా? హెన్నా అని రాసి ఉంటే క్షేమం అనుకోవడం ఇంకో పొరపాటు. గోరింటాకు ఎర్రగానే పండుతుంది, అది మన ఆడపడుచులకు ఎవరూ నేర్పనక్కరలేదు. నల్లగా పండే గోరింటాకులో ఇంకేదో కలిసి ఉందనే అర్థం.

ఇప్పుడు మా ఆవిడ సూచన వెనకున్న సంగతికి వస్తున్నాను. మా అమ్మాయి మూడో వరుసలో కూర్చుంది. తన అనుమతి తీసుకునే చెబుతున్నాను.

ఇది 2001 నాటి మాట. అప్పుడు అమ్మాయికి ఇరవై మూడేళ్లు. డిగ్రీ పూర్తయింది, సంబంధాలు చూస్తున్నాం. మేమప్పుడు కంచరపాలెంలో అద్దెకుండేవాళ్లం. మొదటి సంబంధం గాజువాక వారిది, పిల్లవాడు ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగి. వచ్చారు, ఉప్మా తిన్నారు, పిల్ల చదువు అడిగారు, వెళ్లారు. నాలుగు రోజుల తర్వాత మధ్యవర్తి వచ్చి "పిల్ల లక్షణంగా ఉంది బాబూ, కాకపోతే ఛాయ తక్కువ అంటున్నారు" అన్నాడు. మా అమ్మాయిది నా రంగే. నాకు ఇంక్రిమెంటుకు గాని, ప్రమోషనుకు గాని ఈ రంగు ఎప్పుడూ అడ్డం రాలేదు. రెండో సంబంధం వారు కూడా అదే మాట, కాస్త పాలిష్ చేసి చెప్పారు.

ఆ రోజుల్లో పక్కింటావిడ మా ఆవిడకు ఒక క్రీము పేరు చెప్పింది. వాళ్ల మేనకోడలు వాడిందట, వారంలో తెల్లబడిందట. మా ఆవిడ ఆ పేరు చీటీ మీద రాసి నా చొక్కా జేబులో పెట్టింది. నేను ఆఫీసు నుంచి వస్తూ మందుల షాపులో చీటీ చూపించాను. డాక్టరు రాశాడా అని ఆ కుర్రాడు అడగలేదు, నేనూ చెప్పలేదు. "బాగా పోతోంది గురువుగారూ ఇది" అని మాత్రం అన్నాడు.

నిజంగానే వారం తిరిగేసరికి ముఖం తేటపడింది. ఇంట్లో పండగ. నెల జీతం అందుకోగానే ఇంటద్దె, పాలవాడు, ఆ తర్వాత ఆ ట్యూబు. పధ్నాలుగు నెలలు నా చేతులతో నేనే తెచ్చాను. ఒక్క నెల మరిచిపోలేదు. నాలుగో నెలనుంచి మొటిమలు మొదలైతే వయసు అన్నాం. చెంపల మీద నూగు పెరిగితే వంశం అన్నాం. ఎండలో జగదాంబ సెంటరులో బస్సు కోసం పది నిమిషాలు నిలబడితే ముఖం కందగడ్డలా అయ్యేది. నాలుగు రోజులు రాయడం మానితే మంట, దురద, ఎర్రదనం. మళ్లీ రాస్తే తగ్గేది. చూశారా, తగ్గిస్తోంది కదా, మంచి మందే అనుకున్నాం. రోగం పెట్టేదీ అదే, తగ్గించేదీ అదే అని మాకు తోచలేదు.

మూడో సంబంధం వారు పిల్లను చూసి ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు వాళ్ల పెద్దావిడ మా ఆవిడను వంటింట్లోకి పిలిచి, "అమ్మాయికి ముఖాన ఏదైనా చర్మ వ్యాధా తల్లీ?" అని అడిగింది. ఆ రాత్రి అమ్మాయి అద్దం తిప్పి గోడకు పెట్టేసింది.

మర్నాడు పెద్దాసుపత్రికి, అదే కేజీహెచ్‌కి తీసుకెళ్లాం. చర్మవ్యాధుల విభాగంలో ఒక డాక్టరమ్మ చూశారు. చెంపల మీద దారాల్లా తేలిన ఎర్రటి నరాలు చూసి, "ఏం రాస్తున్నారు?" అని అడిగారు. జేబులోంచి ట్యూబు తీసిచ్చాను. "ఎవరు రాసిచ్చారు?" అన్నారు. "ఎవరూ రాయలేదమ్మా, నేనే తెస్తున్నాను" అన్నాను. ఆవిడ కాసేపు నా వంక చూసి "మీరేం చేస్తారు?" అన్నారు. ఆఫీసులో ఫైళ్లు చదివి నోట్ రాస్తానని చెప్పాను. ట్యూబు నాకే తిరిగి ఇచ్చి, "అయితే ఇది చదవండి" అన్నారు.

చదివాను. పైన పెద్ద అక్షరాల్లో కంపెనీ పెట్టిన పేరు. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో బీటామెథాసోన్ అని ఉంది. పధ్నాలుగు నెలల్లో పధ్నాలుగు ట్యూబులు నా చేతిమీదుగా వచ్చాయి. డబ్బాలో మడతపెట్టి పెట్టిన కాగితం ప్రతిసారీ విప్పకుండానే పారేశాను. ఆఫీసులో అర్ధరూపాయి స్టాంపు తక్కువైతే పట్టుకునేవాణ్ణి నేను.

అది స్టెరాయిడ్ మందు అని డాక్టరమ్మ విడమరిచి చెప్పారు. మంచి మందేనట. కొన్ని రకాల చర్మవ్యాధులకు, డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు వాడితే ప్రాణం లేచొస్తుంది. ముఖం మీద నెలల తరబడి రాస్తే చర్మం ఉల్లిపొరలా పల్చబడుతుంది. మొదటి వారంలో వచ్చిన తెలుపు రంగు కాదు, రక్తనాళాలు ముడుచుకుపోయి చర్మం పాలిపోవడమని చెప్పారు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. మేము పండగ చేసుకున్నది దానికా అనిపించింది.

బాగుపడటానికి ఏడాదిన్నర పట్టింది. మానేసిన మొదటి రెండు నెలలూ నరకం. తడిగుడ్డ వేసుకుని ఫ్యాను కింద పడుకునేది. చెంపల మీద ఆ సన్నని నరాలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. పెళ్లి 2004లో జరిగింది. ఛాయ సంగతి అడిగిన సంబంధాలకు ఆ తర్వాత మేము జవాబివ్వడం మానేశాం.

ఇన్నేళ్లుగా మా ఆవిడ, ఆ చీటీ రాసింది నేనే కదా అని బాధపడుతూనే ఉంది. చీటీ ఆవిడే రాసింది, నిజమే. ట్యూబు చేతిలో పట్టుకుని చదవగలిగినవాణ్ణి ఆ ఇంట్లో నేను. ఆ తప్పు నా సర్వీసు రిజిస్టరులోనే నమోదు చేయాలని ఈ సభాముఖంగా కోరుతున్నాను.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదని తర్వాత తెలిసింది. 2011లో మన దేశపు చర్మవ్యాధి నిపుణులు పన్నెండు కేంద్రాల్లో చేసిన ఒక అధ్యయనం ప్రచురించారు. ముఖం మీద ఏదో ఒక బాధతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నారని తేలింది. వారిలో పదిమందికి ఆరుగురు దాదాపు డాక్టరు కానివారి సలహా మీదే వాడుతున్నారు. తెలుపు కోసమో, మామూలు ముఖ క్రీములాగానో వాడేవారు ముగ్గురికి ఒకరు దాకా ఉన్నారు. ముఖం పాడవడానికి ఒక ప్రత్యేకమైన రోగం పేరే పెట్టారు డాక్టర్లు.

రూలు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే గుమాస్తా మాట్లాడినట్టుండదు. డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందుల పట్టిక షెడ్యూల్ హెచ్. పైపూత స్టెరాయిడ్లు చాలాకాలం ఆ పట్టిక పట్టులోంచి మినహాయింపుతో తప్పించుకున్నాయి. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల పైపూత స్టెరాయిడ్లను అందులో చేర్చింది. రూలు వచ్చింది గదాని అమ్మకం ఆగిందా? రూలుకూ అమలుకూ మధ్య దూరం ఎంతో మన సర్వీసంతా చూసినదే. కనుక కొనేవాడే చదవాలి. ట్యూబు మీద ఆర్‌ఎక్స్ అన్న గుర్తు గాని, నిలువు ఎర్రగీత గాని ఉంటే అది అలంకారం కాదు, మందు. బీటామెథాసోన్, మొమెటాసోన్, ఫ్లూటికాసోన్, బెక్లోమెథాసోన్, ఇలా చివర "సోన్" అని వస్తే ఆగండి. క్లోబెటసాల్ అని ఉంటే ఇంకా ఆగండి, దానికి తోక వేరైనా బలం అన్నింటికన్నా ఎక్కువ. ఈ మందులున్న క్రీమునే మన మగవాళ్లు తొడల్లో తామరకు షాపువాణ్ణి అడిగి తెచ్చుకుంటున్నారు. రెండు రోజుల్లో దురద పోతుంది, నెలలో తామర నడుం దాకా పాకుతుంది. మన ఊరి ఉక్కకు తామర ఎలాగూ ఎక్కువే. ఇంట్లో ఒకరికి రాసిచ్చిన ట్యూబు ఇంకొకరు వాడకూడదు.

ఈ తెలుపు పిచ్చికి ఒక చరిత్ర ఉంది. హిందుస్థాన్ లీవర్ వారు ఫెయిర్ అండ్ లవ్లీని మార్కెట్లోకి తెచ్చింది 1975లో. అదే సంవత్సరం అమెరికాలో క్లిగ్‌మన్ అనే చర్మవైద్యుడు, ఆయన సహచరుడు కలిసి మంగు మచ్చలు పోగొట్టేందుకు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్, ఈ మూడూ కలిపిన మందును ప్రకటించారు. మొదటిది సౌందర్య సాధనం, రెండోది డాక్టరు చేతిలో ఉండాల్సిన మందు. రెండింటికీ సంబంధం లేదు. మన మందుల షాపుల్లో మాత్రం రెండో రకం కూడా మొదటి రకంలాగే అమ్ముడుపోయింది. 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి, నల్లగా ఉన్నవారికి పెళ్లి కాదు, ఉద్యోగం రాదు అన్నట్టు ప్రకటనల్లో చూపకూడదని నియమం పెట్టింది. 2020లో ఆ క్రీము పేరులోంచి ఫెయిర్ అన్న మాట తీసేసి గ్లో అన్న మాట పెట్టారు. పెళ్లిళ్ల పేరయ్యలకు మాత్రం ఆ సర్కులరు అందినట్టు లేదు.

మా మనవరాలు, అంటే ఆ అమ్మాయి కూతురే, ఇప్పుడు యూనివర్సిటీలో చదువుతోంది. దానికి అన్నీ ఫోనులోనే, గుమ్మంలోకి పార్సిలు వస్తుంది. సీరం అంటుంది, సన్‌స్క్రీన్ అంటుంది. మొదట్లో నాకు గుండె దడ పుట్టేది. "తాతయ్యా, ముందు ఇది చదువు" అని డబ్బా నా చేతిలో పెడుతుంది. దానికి ఆ రసాయనాల పేర్లు నాకన్నా బాగా తెలుసు. ఒకసారి ఏదో పరదేశపు క్రీము, స్నేహితురాలు పంచి ఇచ్చిందట, పైన అర్థంకాని లిపి, చిన్న గుండ్రటి డబ్బా. తయారుచేసినవారి చిరునామా లేదు, దిగుమతి చేసినవారి పేరు లేదు, రిజిస్ట్రేషన్ నెంబరు లేదు. తాత లేడని ఆగుతుందా, అమ్మను అడుగు అన్నాను. వాళ్లమ్మ ఆ డబ్బాను చూసి ఏమీ అనలేదు, తన చెంప మీద వేలు పెట్టి చూపించింది. డబ్బా చెత్తబుట్టలోకి పోయింది.

అలాంటి డబ్బాల్లో ఏముంటుందో కేరళలో బయటపడింది. మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో మూత్రపిండాల డాక్టర్లు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు దాకా ఒక రకం మూత్రపిండాల జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. 15 మందిలో మామూలుగా అరుదుగా కనిపించే రకం తేలింది. ఆ 15 మందిలో 13 మంది తెలుపు క్రీములు వాడినవారే. కారణం పాదరసం. పాదరసం చర్మానికి రంగునిచ్చే పదార్థాన్ని తయారు కానివ్వదు, అందుకే తెల్లబడతారు. చర్మంలోంచి దిగి మూత్రపిండాల్లో కూర్చుంటుంది. కళ్లకు వాడేవి మినహా మిగతా సౌందర్య సాధనాల్లో, అనుకోకుండా చేరినదైనా సరే, పాదరసం పది లక్షల పాళ్లలో ఒక పాలు మించరాదని మన 2020 నాటి రూల్సు. అయితే దొంగ సరుకు చేసేవాడు పాదరసం ఉందని డబ్బా మీద రాయడు గదా. అందుకని అక్కడ చదవాల్సింది ఏముందో కాదు, ఏది లేదో. తయారీదారు పూర్తి చిరునామా, లైసెన్సు నెంబరు, బ్యాచి నెంబరు, గడువు తేదీ, బయటి దేశపుదైతే దిగుమతిదారు పేరు, రిజిస్ట్రేషన్ నెంబరు. ఇందులో ఒక్కటి లేకపోయినా ఆ అర్జీ తిరస్కరించవలసిందే.

ఖరీదు గురించి కూడా అడుగుతారు. డీఏ బకాయిలు ఎప్పుడొస్తాయో తెలియని మనం నెలకు వెయ్యి రూపాయల క్రీము కొనాలా? ఎండకు గొడుగు, ఒంటికి జిడ్డునిచ్చేది ఏదైనా ఒకటి, ఎండలో తిరగక తప్పనివారికి ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్. నాకు తెలిసినంతలో ఇంతకుమించి అవసరం లేదు. మచ్చలున్నవారు డాక్టరుకు చూపించుకోవాలి. ఆ డబ్బు మాత్రం దండగ కాదు.

సమయం మించిందని అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ఒక్క మనవితో ముగిస్తాను. వచ్చే నెల మొదటి శనివారం మన సంఘం ఆఫీసులో ఉదయం పది గంటలకు కూర్చుంటాను. మీ ఇళ్లలో అద్దం దగ్గర, బాత్‌రూము గూట్లో, కోడళ్ల బల్లల మీద ఉన్న ట్యూబులు, డబ్బాలు ఒక సంచిలో వేసుకుని రండి, ఖాళీవైనా సరే. కోడళ్లను అడిగి తీసుకురండి, అడగకుండా తెచ్చి నా పేరు చెప్పకండి. చదవడానికి మా మనవరాలు వస్తానంది. నా భూతద్దం నేను తెస్తాను. చదివాక అనుమానం వచ్చిన వాటిని విడిగా కట్టి చర్మవ్యాధుల డాక్టరుకు చూపించే ఏర్పాటు కార్యదర్శి గారు చేస్తామన్నారు. టీ ఖర్చు మా ఆవిడ పెట్టుకుంటుందట.